పద్దెనిమిదో వరస

రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత అని అడిగితే ఆఫీసువాళ్ళు గోడ మీది మ్యాపు చూసి కిలోమీటర్లలో చెబుతారు. కెప్టెన్ గాలిని చూసి నిమిషాల్లో చెబుతాడు. కాఫీ అక్క మాత్రం వరసల్లో చెబుతుంది.

"పోయేటప్పుడు పద్నాలుగు, వచ్చేటప్పుడు పద్దెనిమిది."

ఆ విమానంలో ఉన్నవే పద్దెనిమిది వరసలు. పొద్దున పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. సీటు బెల్టు దీపం ఆరి, కాఫీ బండి కదిలి, పద్నాలుగో వరస దగ్గరికి వచ్చేసరికి దీపం మళ్ళీ వెలుగుతుంది, గంట మోగుతుంది. గంట మోగిందంటే బండిని కట్టేయాలి, తమ నడుములూ కట్టేసుకోవాలి. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురొచ్చి, పాత బాకీ రావాల్సినవాడిలా దారికి అడ్డంగా నిలబడుతుంది. అప్పుడు అందరికీ కాఫీ అంది, అందరూ తాగేసి, ఊరింకా రాలేదేమిటా అని కిటికీలోంచి చూసుకునేంత తీరిక. దూరం ఒక్కటే. కాలానికే రెండు నాలుకలు.

ఆ రెండు ఊళ్ళ మధ్యా కొండలున్నాయి. రోడ్డు ఆ కొండలన్నిటినీ పేరుపేరునా పలకరించుకుంటూ పోతుంది కాబట్టి బస్సులో ఒక పగలంతా పడుతుంది. అందుకని జనానికి ఈ విమానమే బస్సు. ఒళ్ళో సంచులు పెట్టుకుని కూర్చుంటారు, పక్కవాళ్ళని బాగున్నారా అంటారు.

ఇంకో విడ్డూరం ఉంది. ఈ విమానానికి ఎక్కే తలుపు వెనక. వంటగది వెనక. కాఫీ బండి ఉండే అర వెనక. అయినా కాఫీ మాత్రం ముందు నుంచే మొదలవ్వాలి. పెద్ద విమానాల్లో పెద్దమనుషులు ముందు కూర్చుంటారు కనక అక్కడ పుట్టిన పద్ధతి అది. ఇందులో పెద్దమనుషులకి వేరే గదీ లేదు, తెరా లేదు. పద్ధతి మాత్రం పెళ్ళికొడుకు లేని ఊరేగింపులా సాగిపోతోంది. అక్క వెనక నుంచి నెట్టేది. ఆమెతో పనిచేసే పిట్ట ముందు నుంచి, వెనక్కి నడుస్తూ లాగేది. పిట్ట ఇద్దరు పిల్లల తల్లే గానీ మనిషి పిట్టంత, అందుకని ఆ పేరు. ఇద్దరూ కలిసి పద్దెనిమిదో వరసవాళ్ళ మోకాళ్ళు రాసుకుంటూ బండిని మొదటి వరస దాకా తీసుకెళ్ళి, అక్కడ మొదలుపెట్టి వెనక్కి వచ్చేవాళ్ళు. వేడి ముందువాళ్ళకి, వాసన వెనకవాళ్ళకి. విమానం కప్పు కింద అందరూ సమానమే, కాఫీ కప్పు దగ్గరే తేడా.

ఆ సోమవారం మేనేజర్ అక్కని గదిలోకి పిలిచాడు. బల్ల మీద రెక్క విరిగి అతికించిన బొమ్మ విమానం ఉంది. మాట్లాడేటప్పుడు ఆయన ఆ అతుకుని గోటితో గీకుతూ ఉంటాడు.

"పద్దెనిమిదో వరస నుంచి ఫిర్యాదు వచ్చిందమ్మా. పొద్దున కాఫీ అందడం లేదట."

"ఎవరు సార్ ఇచ్చింది?"

"పేర్లు చెప్పకూడదు. సరే గానీ, పోయే దూరం ఎంత?"

"వచ్చేంతే సార్."

"మరి వచ్చేటప్పుడు అందరికీ అందేది, పోయేటప్పుడు ఎందుకు అందదు?"

"గాలి సార్."

"గాలి మాటలు వద్దు."

"గాలి మాటలు కాదు సార్. గాలి మాటే."

ఆయనకి గాలి సంగతి తెలియక కాదు. పై ఆఫీసుకి పంపే కాయితంలో గాలికి గడి లేదు. 'సిబ్బంది వయసు'కి మాత్రం ఉంది. అక్కకి నలభై తొమ్మిది.

"రేపటి నుంచి మూడు రోజులు ఇన్‌స్పెక్టర్ మీతో వస్తాడు," అన్నాడు మేనేజర్ అతుకు గీకుతూ. "గంట మోగేలోపు ప్రతి ప్రయాణికుణ్ణీ కాఫీ కావాలా అని అడగాలి. తీసుకున్నా లెక్కే, వద్దన్నా లెక్కే. అడక్కపోతేనే తప్పు. మూడు పొద్దుల్లో ఒక్క పొద్దయినా అందరినీ అడిగి చూపించండి. చూపించలేకపోతే..." ఆయన నేల వైపు చూశాడు. "కింద పని ఇస్తారు. పోయిన సామాన్ల కిటికీ దగ్గర మనిషి లేరు."

అక్కకి ఆ కిటికీ తెలుసు. పేరుకే కిటికీ, అందులోంచి ఆకాశం కనపడదు. పెట్టె పోగొట్టుకున్న ముఖాలు కనపడతాయి. రోజంతా ఆ ముఖాలకి "వస్తుందండీ" అని చెప్పాలి.

పైన అలా కాదు. పొద్దున విమానం మబ్బులోంచి బయటపడే క్షణం ఒకటుంది. ఎండ ఒక్కసారిగా పక్క నుంచి పడి, వరసలు వరసలుగా ఉన్న చెవులన్నీ ఎర్రగా వెలుగుతాయి. వెనక నిలబడి అది చూడ్డం అక్కకి జీతంలో భాగం. ముఖాలు మరిచిపోతుందేమో గానీ మెడలు మరిచిపోదు. ఎవరు జుట్టు కత్తిరించుకున్నారో, ఎవరికి నెరుస్తోందో, ఎవరు ఎవరి భుజం మీద వాలడం మానేశారో ఆమెకి తెలుసు.

"నిజంగా దించేస్తారా అక్కా?" అంది పిట్ట.

"ఎక్కినవాళ్ళు ఎప్పటికైనా దిగాలి కదే," అని నవ్వింది గానీ ఆ దిగడంలోనే ఉంది ఆమె దిగులంతా.

*

ఇన్‌స్పెక్టర్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మెళ్ళో తాడుకి స్టాప్‌వాచ్ వేలాడుతోంది. విమానం కదలకముందే పిట్ట ఆయనకి గడియారం అని పేరు పెట్టేసింది. మొదటి వరసలో నడవ పక్క సీటులో కూర్చుని, మెడ వెనక్కి తిప్పి, మొత్తం విమానాన్ని ఒక్క చూపులో పెట్టుకున్నాడు.

దీపం ఆరింది. బండి కదిలింది. అక్క ముందుకి చేరి, కాలి బొటనవేలితో బ్రేకు నొక్కి, ఎడమచేతిలో కప్పు, కుడిచేతిలో కాఫీ కూజా పట్టుకుంది. చక్కెర పొట్లాలు వేళ్ళ సందుల్లో పేకముక్కల్లా విచ్చుకుని ఉన్నాయి.

"కాఫీ సార్?"

గడియారం చిటుక్కుమంది. "వద్దు. నన్ను అడిగినట్టు లెక్కే. కానివ్వండి."

మొదటి నాలుగు వరసలవాళ్ళూ ఎక్కువ కట్టి సీటు ఎంచుకున్నవాళ్ళు. వాళ్ళకి కింద విమానాశ్రయంలో మెత్తటి కుర్చీల గది ఉంది, అందులో కాఫీ తాగేసే ఎక్కుతారు. చక్రాలు మడుచుకునేలోపే నిద్రపోతారు. అయినా అడగాలి.

"సార్... సార్... కాఫీ సార్?"

"ఆఁ? వచ్చేశామా?"

"లేదు సార్. కాఫీ."

"అయ్యో, వద్దమ్మా... ఎంతసేపట్లో దిగుతాం?... సరే, ఒక సగం ఇవ్వు. చక్కెర లేకుండా. పాలు వేరే ఉంటాయా?... వద్దులే."

ఇలా ఒక్కొక్కరినీ నిద్రలోంచి బావిలోంచి చేదతో నీళ్ళు తోడినట్టు పైకి తోడి, వాళ్ళ 'వద్దు' తీసుకుని, మళ్ళీ నిద్రలోకి వదిలి, తరవాతి వరసకి రావాలి. అక్క వేగంగానే చేసింది. ఒక చేత్తో పోస్తూ రెండో చేత్తో మూత నొక్కింది. పదో వరసలో మోకాలు కలుక్కుమంటే బండి మీద వాలి, అది విమానం కుదుపన్నట్టు నటించింది. పద్నాలుగో వరసలో చెయ్యి చాపేసరికి గంట మోగింది. గడియారం మళ్ళీ చిటుక్కుమంది.

పద్దెనిమిదో వరస ఒక్కటే వెనక్కి తిరిగి ఉంటుంది, సిబ్బంది కూర్చునే మడత సీటు దానికి ఎదురుగా. అందులో కూర్చుని బెల్టు బిగించుకుంటే అక్క మోకాళ్ళూ, ఎదుటావిడ మోకాళ్ళూ సంబంధం మాట్లాడుకునేంత దగ్గరగా వస్తాయి. ఆ ఎదుటావిడ ఒక పెద్దావిడ. మోకాలి నొప్పి వల్ల తలుపు పక్కనే సీటు ఇస్తారు. ఆమె భర్త కాలు విరిగి అవతలి ఊరి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆమె పొద్దున వెళ్ళి, సాయంత్రం వస్తుంది.

"అక్కడే ఉండిపోవచ్చుగా పెద్దమ్మా, రోజూ ఈ తిరుగుడెందుకు?" అని ఒకసారి అడిగింది అక్క.

"ఇంట్లో రెండు కుక్కలున్నాయి తల్లీ. వాటికెవరు పెడతారు? మా ఆయనకన్నా అవే నయం, పిలిస్తే పలుకుతాయి."

ఈ రోజు పెద్దావిడ సంచి ఒళ్ళో పెట్టుకుని, మూసిన అర తలుపు వైపు ముక్కు ఎగబీల్చింది.

"మంచి వాసన. ఈ వాసనతోనే నెల గడిపాను. మనం ఏ వరస అవుతామమ్మా?"

"పద్దెనిమిదో వరసే కదా పెద్దమ్మా."

"ఆ వరస కాదు, చుట్టరికం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. నేను కడబంతిలోనే కూర్చున్నాను. నాకేమీ రావట్లేదంటే నువ్వు మావాళ్ళ పిల్లవి కావన్నమాట."

నవ్వుతూనే అంది. కాని అక్కకి అది చేతి మీద పడిన వేడి చుక్కలా చురుక్కుమంది. ఫిర్యాదు ఈవిడదే అనుకుంది. తప్పులేదు కూడా అనుకుంది. అదే బాధ.

*

అక్క భర్త సిటీ బస్సు డ్రైవరు. ఇద్దరిలో ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్ళు బియ్యం కడుగుతారు. ఆ సాయంత్రం ఆయనే కడిగాడు.

"నన్ను నేలపాలు చేస్తారటండీ," అంది అక్క చెప్పులు విడుస్తూ.

"నేనున్నది నేల మీదేగా. రా, చోటిస్తాను."

"నవ్వులాట కాదు."

ఆయన మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చుని మొత్తం విన్నాడు. విన్నాక లేచి హాల్లో కుర్చీలు వరసగా పేర్చాడు. కుర్చీలు ఆరే ఉన్నాయి. వాటి వెనక స్టూలు, బోర్లించిన బకెట్టు, బట్టల బుట్ట పెట్టాడు. కూరగాయలు పెట్టుకునే చక్రాల బుట్టని తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు.

"కానియ్. నేనే జనం."

"మీ తలకాయ."

"జనంలో తలకాయలుంటాయి మరి. కానియ్."

అక్క టమాటాలూ వంకాయలూ నిండిన బండి నెట్టుకొచ్చింది. ఆయన మొదటి కుర్చీలో కూలబడి, తల వెనక్కి వేసి, నోరు తెరిచి గురక పెట్టాడు.

"సార్, కాఫీ?"

గురక.

"సార్!"

"ఆఁ? ఏంటి? ఏ స్టాపు?" అని ఆయన ఎగిరి లేచి, కళ్ళు నులుముకుని, జేబులు తడుముకుని, పక్కన లేని మనిషిని క్షమించమని, "వద్దమ్మా" అని మళ్ళీ గురక పెట్టాడు. రెండో కుర్చీలోకి మారి ఆవలించాడు. మూడో కుర్చీలో చక్కెర గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఇన్నేళ్ళుగా అన్నం దగ్గర ఆమె చెప్పిన మనుషులంతా ఆయన ఒంట్లో ఉన్నారు. అక్క నవ్వలేక బండి మీద పడిపోయింది. ఒక వంకాయ దొర్లి సోఫా కిందకి పోయింది.

"నా బస్సులో నిద్రపోయినవాణ్ణి నేను లేపను," అన్నాడాయన వంకాయ కోసం వంగి, సోఫా కింద నుంచి. "దిగాల్సిన చోట వాడే లేస్తాడు. లేవకపోతే చివరి స్టాపులో లేపుతాను."

"అది బస్సు. మాకు అడగడమే పద్ధతి."

"అయితే ఇంకా వేగంగా అడుగు," అంటూ ఆయన మాడు వాసన తగిలి వంటింట్లోకి పరిగెత్తాడు.

*

రెండో రోజు అక్క ఇంకా వేగంగా అడిగింది. నవ్వడం మానేసింది. నవ్వితే జనం మాట కలుపుతారు. పిట్ట చక్కెర పొట్లాలు ముందే కప్పుల్లో వేసి ఉంచింది. ఏడో వరసలో ఎవరో "ఏంటక్కా, ఒంట్లో బాగాలేదా?" అంటే సమాధానం చెప్పకుండా దాటిపోయింది. ఆ మనిషి మెడ ఆమెకి పదేళ్ళుగా తెలుసు. పదకొండో వరసలో ఒకాయన చొక్కా చేతి మీద కాఫీ చిందింది. ఆగి తుడవాల్సింది పోయి కాయితం చేతిలో పెట్టి కదిలింది. పదహారో వరసలో గంట మోగింది.

గడియారం మెడ నిమురుకుంటూ వచ్చాడు. రెండు రోజులు వెనక్కి తిప్పి ఉంచడంతో ఆయన మెడ పట్టేసినట్టుంది. "రెండు వరసలు మెరుగు," అన్నాడు జాలిగా. "రేపు ఇంకో రెండు లాగితే చాలు."

అక్కా పిట్టా మడత సీట్లలో కూర్చున్నారు. అక్క ఆయాసం తీరాక పెద్దావిడ కళ్ళలోకి చూసింది.

"ఒక మాట అడుగుతాను పెద్దమ్మా, ఏమీ అనుకోవద్దు. ఫిర్యాదు మీరే ఇచ్చారా?"

"నేనే ఇచ్చాను," అంది పెద్దావిడ తడుముకోకుండా. "ఏం, పనిచేసిందా?"

"చేసింది. నన్ను దించేస్తున్నారు."

పెద్దావిడ నోరు తెరిచింది. "నిన్నా? నిన్నెందుకు దించడం? నేను నీ మీద ఇవ్వలేదే!"

"మరి ఎవరి మీద ఇచ్చారు?"

"విమానం మీద! ఇంత దూరాన్ని అంత తొందరగా దాటించేస్తున్నారు, కాఫీ పోసే ఆడపిల్లలు పరిగెత్తలేక చస్తున్నారు, వెనక దాకా రాలేకపోతున్నారు, కాస్త చుట్టు తిప్పి నెమ్మదిగా తీసుకెళ్ళండి, నాకేం తొందర లేదు, మా ఆయన కాలు ఎక్కడికీ పరిగెత్తదు అని చెప్పాను. ఆ కౌంటరు పిల్ల 'అంటే కాఫీ అందలేదు, అంతేగా' అంది. అంతే అన్నాను."

అక్క ముందు నిర్ఘాంతపోయింది. తరవాత నవ్వు వచ్చింది. బెల్టు కట్టి ఉండడంతో నవ్వు బయటికి పోయే దారి లేక ఒళ్ళంతా కుదిపింది. పిట్ట ఏడుస్తోందేమోనని వంగి చూసింది.

"నవ్వకమ్మా, నాకు గుండె దడగా ఉంది," అంది పెద్దావిడ. "నేను పోయి చెబుతాను ఆయనకి."

"వద్దు పెద్దమ్మా. మీరు చెబితే ఈసారి కెప్టెన్‌ని దించుతారు."

విమానం కిందికి వంగింది. పెద్దావిడ ఆలోచనలో పడి, సంచి పిడిని చుడుతూ విప్పుతూ కూర్చుంది.

"అవునుగానీ, ఆ కాఫీ బండి ఎక్కడుంటుంది? ఇక్కడే, నీ వీపు వెనకేనా?"

"అవును."

"నన్ను దాటుకుని ఆ కొస దాకా పోతుందా?"

"పోతుంది."

"పోయి, మళ్ళీ నా దగ్గరికి రావాలని అక్కడ నుంచి బయల్దేరుతుందా?"

"బయల్దేరుతుంది."

"అయితే దూరం ఈ విమానానిది కాదు తల్లీ. నీ బండిది."

"నేను వచ్చిన రోజు నుంచీ చెబుతున్నాను," అంది పిట్ట.

"నువ్వు నోర్ముయ్యవే," అంది అక్క. అక్కకి పని నేర్పిన సీనియర్ ఒకావిడ ఉండేది, పెద్ద విమానాల్లో తిరిగి వచ్చినావిడ. 'ముందు నుంచి వెనక్కి, మెత్తగా, నవ్వుతూ' అని బెత్తం లేకుండానే నేర్పింది. ఎందుకు ముందు నుంచి అని అక్క అప్పుడు అడగలేదు. ఆ తరవాత అడిగే మనిషే దొరకలేదు. ఇప్పుడు చక్రాలు నేలని తాకుతుంటే, చెప్పడానికి తన దగ్గర ఒక్క కారణమూ లేదని ఆమెకి తెలిసింది. అందరికీ కనపడేదాన్ని ఇన్నేళ్ళూ తను రోజూ నెట్టుకుంటూ తిరిగింది.

*

మూడో రోజు కెప్టెన్ మెట్లెక్కుతూనే చెప్పాడు. "అక్కా, ఈ రోజు గాలి దంచేస్తోంది. గంట ముందే కొట్టేస్తాను, ఏమీ అనుకోకు. నీ సంగతి తెలిసి గాలికి చెప్పి చూశాను, వినలేదు."

"పర్లేదు లెండి. ఎవరి పని వాళ్ళది."

గడియారం మెడకి పట్టీ కట్టుకుని వచ్చాడు. ఒంటి నుంచి నొప్పి మందు వాసన ఘాటుగా వస్తోంది. "మాత్ర వేసుకున్నాను," అన్నాడు తల తిప్పకుండా, ఒంటినంతా తిప్పి. "ఈ రోజు వెనక్కి చూడలేను. మీరు నా దగ్గరే కదా మొదలుపెట్టేది, అప్పుడు నొక్కుతాను. విమానం ఆగాక లేచి నడుచుకుంటూ చూసుకుంటాను. ఇదే ఆఖరి పొద్దు."

"తెలుసు సార్."

దీపం ఆరింది. పిట్ట బండి ముందు కొస పట్టుకుని, అలవాటుగా వెనక్కి అడుగేసి లాగింది. బండి రాలేదు. మళ్ళీ లాగింది.

"అక్కా, కదలట్లేదు. ఎక్కడో పట్టేసింది."

"పట్టెయ్యలేదు. బ్రేకు వేశాను."

"ఇక్కడా?"

అక్క కూజా ఎత్తింది. "కాఫీ, పెద్దమ్మా?"

పెద్దావిడ తత్తరపడింది. నెల రోజులు ఎదురుచూసిన ప్రశ్న అది. చేతి పక్కన మడత బల్ల తీయబోయి సంచి జారవిడిచింది.

"ఇయ్యి, ఇయ్యి. వేడిగా ఉందా?"

"ఇప్పుడే మూత తీశాను. చక్కెర ఒకటా, రెండా?"

"ఏమో మరి, నన్నెవరడిగారు ఇన్నాళ్ళూ? రెండు వెయ్యి."

పదిహేడు, పదహారు, పదిహేను. ఇక్కడివాళ్ళు తెల్లారకముందే మొదటి బస్సు పట్టుకుని వచ్చినవాళ్ళు. ఎవరూ నిద్రపోవడం లేదు. చేతులు ముందే చాచి ఉన్నాయి. చంటిపిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకున్న తల్లి కప్పుని పిల్లకి దూరంగా, కిటికీ వైపు పట్టుకుని మొదటి గుక్క తాగి కళ్ళు మూసుకుంది. పనిముట్ల సంచి కాళ్ళ మధ్య పెట్టుకున్న కుళాయిల మనిషి రెండు చేతులతో కప్పు పట్టుకుని వేళ్ళు కాచుకున్నాడు. ఎవరూ పాలు వేరేగా ఉంటాయా అని అడగలేదు. పదకొండో వరసలో నిన్న చొక్కా తడిసిన ఆయనే ఉన్నాడు. అక్క ఆగి, "నిన్నటిదానికి ఏమీ అనుకోకండి, మరక పోయిందా?" అని అడిగింది. "మా ఆవిడకి చూపించలేదు," అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు. ఏడో వరస మెడ దగ్గర కూడా ఆగి, "ఒంట్లో బాగానే ఉంది," అని చెప్పింది. ఇంత ఆగినా గంట మోగలేదు.

నాలుగో వరసకి వచ్చేసరికి పిట్ట కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కా, ఇంకా టైముంది!"

నాలుగో వరసాయన తల వాల్చి నిద్రపోతున్నాడు. అక్క నోరు అలవాటుగా తెరుచుకుంది.

"సార్... కాఫీ సార్?"

"ఆఁ? వచ్చేశామా?" ఆయన అదిరిపడి లేచాడు. సీటు గుడ్డ గీతలు చెంప మీద అచ్చు పడి ఉన్నాయి. కళ్ళు ఎర్రగా, ఎవరో చెడు వార్త చెప్పబోతున్నట్టు ఆమెనే చూస్తున్నాయి.

ఇన్నేళ్ళలో ఈ ముఖాన్ని ఎన్నిసార్లు ఇలా లేపి ఉంటుంది? ముందు నుంచి మొదలుపెట్టినప్పుడు వెనక అందరూ ఎదురుచూస్తున్నారన్న తొందరలో ఏ ముఖాన్నీ చూసే వ్యవధి ఉండేది కాదు.

"ఏం లేదు సార్. పడుకోండి," అంది.

ఆయన వెంటనే మాట విన్నాడు.

నాలుగో వరసలో ఇంకో ఇద్దరు, మూడో వరసలో ముగ్గురు, రెండో వరసలో ముగ్గురు నిద్ర. మేలుకుని ఉన్న ఒక్కడూ పుస్తకంలోంచి తల ఎత్తకుండా వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మొదటి వరసలో గడియారం. పట్టీ కట్టిన మెడ కిటికీ వైపు వాలి ఉంది. బొటనవేలు స్టాప్‌వాచ్ మీట మీద ఉంది. మొదలవుతుందని ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ, ఎవరూ వచ్చి లేపకపోవడంతో, మాత్ర మత్తులో నిద్రపోయాడు.

"లేపు అక్కా!" పిట్ట గొంతు తగ్గించి అరిచింది. "ఆయన చూడాలి. ఆయన చూడకపోతే మనం చేసినట్టే కాదు. అందరినీ లేపి అడిగేద్దాం. టైముంది!"

టైముంది. అది నిజమే. పది మందిని నిద్రలేపి పది 'వద్దు'లు పోగుచేసుకుంటే కాయితం నిండుతుంది. అక్క చెయ్యి ఆయన భుజం దాకా వెళ్ళింది. ఆయన నోటి పక్క చిన్నపిల్లాడికిలా తడి ఉంది. పోయిన సామాన్ల కిటికీ, దాని వెనక గోడకి ఆనించిన కుర్చీ ఆమె కళ్ళ ముందు స్పష్టంగా కనపడ్డాయి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి.

"రెండు రోజులు తిప్పి తిప్పి పెట్టిన మెడే," అంది. "ఇప్పుడే వాల్చాడు, పాపం."

"అక్కా, నీకు మతి..."

"బండి పట్టు."

విమానం మబ్బులోంచి బయటపడింది. ఈసారి అక్క ముందు వైపు నిలబడి ఉంది. ఎండ పక్క నుంచి పడి, వరసలు వరసలుగా ముఖాలు ఒక్కసారిగా వెలిగాయి. కప్పుల్లోంచి పొగలు లేస్తున్నాయి. అప్పుడు మోగింది గంట.

*

విమానం ఆగింది. ఆ విమానంలో దిగే తలుపూ వెనకే కనక వెనకవాళ్ళు ముందు దిగుతారు, ముందువాళ్ళు ఆఖర్న. పెద్దావిడ మెట్ల దగ్గర ఆగి అక్క చెయ్యి నొక్కింది. "ఏమైంది? చూశాడా ఆయన?"

"మీరు నడవండి పెద్దమ్మా, అక్కడ మీవారు ఎదురుచూస్తుంటారు."

"ఆయన ఎదురుచూడ్డు. నిద్రపోతుంటాడు," అంది పెద్దావిడ. "లేపను. లేచేదాకా కూర్చుంటాను."

నాలుగో వరసాయన ఒళ్ళు విరుచుకుంటూ వచ్చాడు. "ఇవాళ హాయిగా నిద్రపట్టిందమ్మా. విమానం మార్చారా?"

అందరూ దిగిపోయాక గడియారం కళ్ళు తెరిచాడు. ఖాళీ సీట్లు చూశాడు. చేతిలో స్టాప్‌వాచ్ చూశాడు. సున్నా దగ్గరే ఉంది.

"మొదలుపెట్టలేదా?" అన్నాడు.

"అయిపోయింది సార్," అంది అక్క. "వెనక నుంచి మొదలుపెట్టాను. మేలుకున్నవాళ్ళందరికీ అందింది. నిద్రపోయినవాళ్ళని అడగలేదు. మీతో కలిపి పది మంది. ఉన్నమాట చెబుతున్నాను, రాసుకోండి."

"నన్నెందుకు లేపలేదు? మీ ఉద్యోగం నా చేతిలో ఉందని తెలుసుగా?"

"తెలుసు సార్. మీ మెడ కూడా కనపడింది."

ఆయన లేచి, నడవలో నెమ్మదిగా వెనక దాకా నడిచాడు. కూజాల మూతలెత్తి చూశాడు. ఒకటి ఖాళీ. రెండోది ఖాళీ. పిట్ట పారేయబోతున్న సంచి నిండా కప్పులు. అన్నీ అడుగు కనపడేదాకా తాగినవే. ఆయన జేబులోంచి ఫోను తీసి, పద్దెనిమిదో వరసలో కూర్చుని మేనేజర్‌కి కలిపాడు. అక్క పక్క వరసలో సీటు బెల్టులు సర్దుతూ వంగి ఉంది. చేతులు బెల్టుల మీద, చెవులు ఫోను మీద.

"నేనే సార్... అయిపోయింది సార్, గంట మోగేలోపే... లేదు సార్, వెనక నుంచి... పుస్తకంలో ముందు నుంచి అనే ఉంది సార్, కానీ ఆ పుస్తకం ఇంకో విమానానిది... అందరినీ అడిగారా అంటే..."

ఆయన ఆగి, అక్క వంగిన వీపు వైపు చూశాడు.

"అడిగారు సార్. పది మంది వద్దన్నారు... నా కళ్ళతోనే చూశాను... నేనా? నేనూ వద్దనే అన్నాను సార్... ఎలా అనడమేమిటి సార్, కళ్ళు మూసుకుని అన్నాను."

అవతలి గొంతు చాలాసేపు ఏదో చెప్పింది, ఆయన గొంతు తగ్గించి ఏదో బదులిచ్చాడు. గడియారం ఫోను జేబులో పెట్టుకుని, స్టాప్‌వాచ్ తాడు మెళ్ళోంచి తీసి చేతికి చుట్టుకున్నాడు.

"మిమ్మల్ని పైనే ఉండమన్నారు," అన్నాడు. "వయసు గడిలో ఏం రాయాలి అంటే, అనుభవం అని రాసుకోమన్నాను."

అక్క బెల్టు సర్దడం ఆపలేదు. ఒకే బెల్టుని మూడుసార్లు సర్దింది. ఆయన మెట్లు దిగి వెళ్ళాకే నిటారుగా నిలబడి, పద్దెనిమిదో వరస సీటు చేతి మీద కూర్చుని, మోకాలు నొక్కుకుంది.

పిట్ట ఖాళీ కూజాలు రెండు చంకల్లో పెట్టుకుని ఎదురుగా నిలబడింది. ముఖమంతా నవ్వు.

"అక్కా, సాయంత్రం గాలి ఎదురు కదా. బోలెడు టైము. ముందు నుంచా, వెనక నుంచా?"

"ముందు ఎక్కనీవే వాళ్ళని," అంది అక్క. "ఎవరెవరు మేలుకుని ఉంటారో చూద్దాం."